అమెరికా అరుదైన స్మారక స్టాంపుల్లో ఏది కొనాలి? వేలం ధరలతో ఒక పోలిక

అమెరికా స్మారక స్టాంపుల్లో పేరున్నది ఒక్కటైనా తమ ఆల్బమ్‌లో ఉండాలనుకునేవాళ్ళు చివరికి నాలుగు పేర్ల మధ్య తేల్చుకోలేక ఆగిపోతారు: 1893 నాటి కొలంబియన్ డాలరు స్టాంపులు, 1898 ట్రాన్స్-మిసిసిపి, 1901 పాన్-అమెరికన్ తలకిందుల స్టాంపులు (మధ్య బొమ్మ తిరగబడి అచ్చయినవి), 1930 గ్రాఫ్ జెప్పెలిన్ (జర్మన్ గాలినౌక) సెట్. కొంచెం ఓపిక పడితే ఈ నాలుగూ వేలాల్లో దొరుకుతాయి. చిక్కంతా ధరతోనే. ఒకే స్టాంపు ఒకచోట మూడు నాలుగు వందల డాలర్లకి పోతుంది, ఇంకోచోట పదివేలు దాటుతుంది. ఆ తేడా ఎందుకొస్తుందో తెలియకుండా డబ్బు పెట్టకూడదు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను, కారణాలు కింద చూడండి. వెయ్యి డాలర్ల లోపు పెట్టగలిగినవాళ్ళు తపాలా ముద్ర పడిన, అంటే వాడిన, ట్రాన్స్-మిసిసిపి ఒక డాలరు స్టాంపు కొనడం మంచిది. అంతకంటే ఎక్కువ పెట్టగలిగితే కొలంబియన్ డాలరు స్టాంపుల్లో ఒకటి. లాభం కోసమే అయితే నాలుగిట్లో ఏదీ వద్దు.

ఒక సంగతి. వార్తల్లో తరచూ వినిపించే ఇన్వర్టెడ్ జెన్నీ, అంటే విమానం తలకిందులుగా పడిన 1918 నాటి 24 సెంట్ల స్టాంపు, స్మారక స్టాంపు కాదు. అది మామూలు ఎయిర్‌మెయిల్ స్టాంపు. ఇంతవరకూ అత్యధిక ధర పలికిన అమెరికా స్టాంపుల్లో ముందుండే ఒక సెంటు జెడ్ గ్రిల్ (కాగితంలో చిన్న గళ్ళ గుర్తు నొక్కిన పందొమ్మిదో శతాబ్దపు స్టాంపు) కూడా అంతే. అందుకే ఆ రెండూ ఈ పోలికలో లేవు.

ధర ఎక్కడ పుడుతుంది

అన్నిటికన్నా ముందు స్టాంపు వెనక్కి తిప్పి చూడాలి. అచ్చయిన రోజున ఉన్న జిగురు అలాగే ఉండి, ఆల్బమ్‌లో అతికించే చిన్న కాగితపు ముక్క, అంటే హింజ్, తగిలిన ఆనవాలు లేకపోతే దాన్ని ‘నెవర్ హింజ్డ్’ అంటారు. 1890ల్లో దాదాపు అందరూ హింజ్‌తోనే అతికించేవాళ్ళు. కాబట్టి ఆ కాలం స్టాంపు హింజ్ తగలకుండా మిగలడం అరుదు. హింజ్ పడినదానికి వెయ్యి డాలర్లయితే, పడనిదానికి మూడు నాలుగు వేలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. ముందువైపు బొమ్మలో ఇసుమంత తేడా ఉండదు.

ఇంత డబ్బు జిగురు మీద ఆధారపడి ఉంది కాబట్టే మోసాలు కూడా జిగురు దగ్గరే జరుగుతాయి. పాత జిగురు కడిగేసి కొత్తది పూస్తారు. దాన్ని పట్టుకోవడానికి స్టాంపు అంచున ఉన్న పళ్ళని భూతద్దం కింద చూడాలి. అసలు స్టాంపుకి జిగురు ముందు పూసి, ఆరిన తర్వాత రంధ్రాలు పొడుస్తారు. అందుకని విడదీసినప్పుడు ప్రతి పన్ను కొసా తెగి, కాగితం పీచు మెత్తగా, తెల్లగా, పొడిగా బయటికి కనిపిస్తుంది. తర్వాత పూసినదైతే జిగురు ఆ పీచులోకి ఇంకి, కొసలు గట్టిపడి ఉంటాయి. వేలు మెల్లగా ఆనిస్తే గరుకు తెలుస్తుంది. కొన్నిటికి ఈ తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది, కొన్నిటికి నిపుణులే చెప్పాలి.

రెండోది బొమ్మ సరిగ్గా మధ్యలో పడిందా లేదా అన్నది. నాలుగు వైపులా తెల్ల అంచు సమానంగా ఉన్నవి తక్కువ. గ్రేడింగ్ సంస్థలు 100కి ఇన్ని అని మార్కులు వేస్తాయి. 80 దగ్గర ఉన్న స్టాంపుకీ 98 వచ్చినదానికీ ధరలో పది రెట్ల తేడా కూడా రావచ్చు. అమెరికా సేకర్తలు ప్రమాణంగా చూసే స్కాట్ కేటలాగులో వేసే ధర చక్కటి స్థితిలో ఉన్న స్టాంపుకి మాత్రమే. బొమ్మ పక్కకి జరిగి, ఒక మూల పన్ను విరిగిన స్టాంపుకి ‘కేటలాగు ధరలో సగం’ అని ఎవరైనా అమ్ముతుంటే అది చవక కాదు.

మూడోది మిగిలినవి ఎన్ని అన్న లెక్క. ఎన్ని విడుదలయ్యాయి అన్నది వేరే లెక్క. జెప్పెలిన్ సెట్‌లో పెద్దది, 2.60 డాలర్ల స్టాంపు, 61,296 అమ్ముడయ్యాయి. ట్రాన్స్-మిసిసిపి ఒక డాలరు స్టాంపు విడుదలైనవి 56,900. చూడ్డానికి దగ్గర అంకెలే. కానీ జెప్పెలిన్ కొన్నవాళ్ళలో చాలామంది సేకర్తలే, కొని జాగ్రత్తగా దాచారు. 1898లో డాలరు స్టాంపు బరువైన పార్సెళ్ళ మీద అతికి, కాగితంతో పాటే చించి పారేయబడింది. వాడనిది శుభ్రంగా కావాలంటే రెండోది వెతకడమే కష్టం.

నాలుగోది సర్టిఫికెట్. న్యూయార్క్‌లోని ఫిలాటెలిక్ ఫౌండేషన్, పీఎస్ఈ (ప్రొఫెషనల్ స్టాంప్ ఎక్స్‌పర్ట్స్), అమెరికన్ ఫిలాటెలిక్ సొసైటీ నిపుణుల విభాగం, వీటిలో ఏదో ఒకటి ఇచ్చిన సర్టిఫికెట్ లేకుండా అయిదు వందల డాలర్లు దాటిన స్టాంపు కొనొద్దు. అది ఎప్పుడు ఇచ్చారో కూడా చూడండి. ముప్పై ఏళ్ళ కిందట ‘లోపం లేదు’ అని రాసిన స్టాంపుకి ఆ తర్వాత మడత పడి ఉండొచ్చు. మంచి వేలం సంస్థల్లో, వేలానికి ముందే అడిగితే, కొన్నాక నిపుణుల పరీక్షకి పంపి తేడా వస్తే తిరిగిచ్చే వీలుంటుంది.

వార్తలో కనిపించే ధర, చేతికి వచ్చే ధర

2023 నవంబరులో న్యూయార్క్‌లోని సీగెల్ వేలం సంస్థ, అచ్చు షీటులో 49వ స్థానంలో ఉండిన ఇన్వర్టెడ్ జెన్నీని 20 లక్షల 6 వేల డాలర్లకి అమ్మిందని పత్రికలు రాశాయి. సుత్తి పడిన ధర, అంటే వేలంలో గెలిచిన ఆఖరి బిడ్, 17 లక్షలు. దానిపై కొనుగోలుదారు కట్టే 18 శాతం ప్రీమియం కలిపితే ఆ అంకె వచ్చింది. చిన్న స్టాంపుకీ ఇదే లెక్క.

వెయ్యి డాలర్లకి సుత్తి పడితే మీరు కట్టేది 1,180. కొన్నేళ్ళ తర్వాత మీరే అమ్మకానికి పెడితే వేలం సంస్థ మీ దగ్గర కూడా కమిషన్ తీసుకుంటుంది. అది 15 శాతం అనుకుంటే, మీ 1,180 మీకు తిరిగి రావాలంటే సుత్తి ధర 1,388 దాకా పోవాలి. అంటే ధర దాదాపు 39 శాతం పెరిగితే మీ అసలు మీ చేతికొస్తుంది, లాభం సంగతి ఆ తర్వాత. స్టాంపుని పెట్టుబడిగా కొనొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

నాలుగూ పక్కపక్కన

| ఎంపిక | బయటికొచ్చినవి | వేలంలో ధర స్థాయి | తిరిగి అమ్మడం | ముఖ్యమైన భయం |
|---|---|---|---|---|
| కొలంబియన్, 1 నుంచి 5 డాలర్లు | విలువని బట్టి 26 వేల నుంచి 55 వేలు | ముద్ర పడినవి వందల్లో, వాడనివి వేలల్లో | సులువు | ముద్ర చెరిపినవి, జిగురు మళ్ళీ పూసినవి |
| ట్రాన్స్-మిసిసిపి, 1, 2 డాలర్లు | ఒక్కోటీ 56 వేల పైచిలుకు | ముద్ర పడినవి వందల్లో, వాడనివి వెయ్యి దగ్గర మొదలు | సులువు | కొత్తగా పళ్ళు పొడిచినవి |
| పాన్-అమెరికన్ తలకిందులవి | వందల్లోనే | ఒక సెంటు వేలల్లో, 2, 4 సెంట్లు పదివేల పైన | నెమ్మది, పెద్ద సంస్థల్లోనే | మధ్య బొమ్మ కోసి తిప్పి అతికించిన నకిలీలు |
| జెప్పెలిన్ మూడింటి సెట్ | 61 వేల నుంచి 93 వేలు | వందల నుంచి వెయ్యి పైచిలుకు | చాలా సులువు | ధర పెరగకపోవడం |

కొలంబియన్: మొదటివి, అందరికీ తెలిసినవి

షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం 1893 జనవరిలో వచ్చిన ఈ సెట్ అమెరికా తపాలా శాఖ విడుదల చేసిన మొదటి స్మారక స్టాంపులు. ఒక సెంటు నుంచి 5 డాలర్ల దాకా పదహారు విలువలు. మొత్తం కొంటే 16 డాలర్ల 34 సెంట్లు. ఆనాటి జీతాలకి అది చాలా పెద్ద మొత్తం. ఉత్తరానికి 2 సెంట్లు చాలే కాలంలో 5 డాలర్ల స్టాంపు ఎందుకని సేకర్తలే విసుక్కున్నారు. ఆ విసుగు వల్లే డాలరు విలువలు తక్కువ అమ్ముడయ్యాయి, ఇవాళ ఖరీదయ్యాయి.

ఈ సెట్‌లో ధరకీ సంఖ్యకీ సరిగ్గా పొంతన కుదరదు. 4 డాలర్ల స్టాంపు 26,350తో అన్నిటికన్నా తక్కువ. 5 డాలర్లది 27,350. అయినా ఎక్కువ ధర సాధారణంగా నల్లరంగు 5 డాలర్ల స్టాంపుకే, ఎందుకంటే సెట్‌లో చివరిది, కొలంబస్ ముఖం పక్కనుంచి కనిపించే స్టాంపు, పూర్తి సెట్ కావాలనుకునే ప్రతివాళ్ళూ దాని కోసమే పోటీ పడతారు. కొలంబస్‌ని సంకెళ్ళలో చూపించే 2 డాలర్ల స్టాంపు మీద పోటీ అంత ఉండదు. బొమ్మ మాత్రం మొత్తం సెట్‌లో నాకు అన్నిటికన్నా బలమైనది. ధర కూడా 5 డాలర్లదానిలో సగం దగ్గరే ఆడుతుంటుంది. ఒక్క కొలంబియన్ డాలరు స్టాంపు కొంటే అదే కొనమంటాను.

జాగ్రత్త పడాల్సింది వాడనివిగా అమ్మే వాటితో. కలంతో గీత కొట్టి రద్దు చేసిన స్టాంపుల మీద సిరా చెరిపి, జిగురు పూసి, వాడనివిగా చలామణి చేసిన చరిత్ర ఈ సెట్‌కి ఉంది. అల్ట్రావయొలెట్ దీపం కింద చెరిపిన గీత మళ్ళీ బయటపడుతుంది. ఇక ఇళ్ళల్లో దొరికే కొలంబియన్లు దాదాపు అన్నీ కొలంబస్ నేల మీద కాలుపెట్టే 2 సెంట్ల స్టాంపులే. అవి 146 కోట్లకి పైగా అచ్చయ్యాయి. వాటికి వేలంలో చోటు లేదు.

ట్రాన్స్-మిసిసిపి: నా ఓటు దీనికే

నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో 1898లో జరిగిన ప్రదర్శన కోసం తొమ్మిది స్టాంపులు. రెండు రంగుల్లో వేయాలనుకున్నారు. ఈలోగా స్పెయిన్‌తో యుద్ధం వచ్చి, పన్ను వసూలుకి వాడే రెవెన్యూ స్టాంపుల అచ్చుపని మీదపడటంతో ఒక్కో రంగుతోనే సరిపెట్టారు. ఒక డాలరు స్టాంపుకి అది కలిసొచ్చిందని నా నమ్మకం. మంచు తుపానులో మంద కదలకుండా నిలబడి ఉంటుంది, ముందు ఒక ఎద్దు తలెత్తి గాలికి ఎదురుగా చూస్తుంటుంది. మొత్తం నల్ల సిరా. భూతద్దంలో చూస్తే మంచు గీతలకీ పశువుల రోమాలకీ చెక్కిన గీతల దిశ వేరువేరుగా ఉంటుంది. పేరు ‘పశ్చిమ పశువులు’, కానీ ఆధారం ఒక స్కాట్లండ్ చిత్రకారుడి బొమ్మ. అంటే అవి అమెరికా పశువులే కావు. అమెరికా స్టాంపుల్లో అన్నిటికన్నా అందమైనది ఏదని సేకర్తలని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు ఇదే.

ధర విషయంలో కూడా ఇది మధ్యతరగతి సేకర్తకి అందుతుంది. తేలికైన ముద్ర పడి, బొమ్మ మధ్యలో ఉండి, లోపం లేని ఒక డాలరు స్టాంపు వందల డాలర్లలోనే వస్తుంది. సెయింట్ లూయిస్ వంతెన బొమ్మ ఉన్న 2 డాలర్ల స్టాంపుది కొంచెం ఎక్కువ. 56,200 మాత్రమే విడుదలయ్యాయి.

ఈ సెట్‌లో ప్రత్యేకంగా చూడాల్సింది పళ్ళు. పెద్ద షీట్లని మధ్యలో కోసి అమ్మారు కాబట్టి కొన్ని స్టాంపులకి ఒక వైపు పళ్ళు లేకుండా నిటారుగా ఉంటుంది. అలాంటివి చవక. కాబట్టి ఆ వైపు కొత్తగా పళ్ళు పొడిచి అమ్మినవి చాలా తిరుగుతున్నాయి. నాలుగు వైపులా రంధ్రాల పరిమాణం ఒకేలా ఉందా, ఎదురెదురు అంచులు సమాంతరంగా ఉన్నాయా అని చూడాలి. ఒక అంచు మిగతా మూడిటికంటే మరీ పదునుగా, మరీ తిన్నగా కనిపిస్తే సర్టిఫికెట్ రాకుండా డబ్బు పంపొద్దు.

పాన్-అమెరికన్ తలకిందులవి: కథ గొప్పది, కొనడం కష్టం

న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలో 1901 ప్రదర్శన. అధ్యక్షుడు మెకిన్లీ మీద కాల్పులు జరిగింది అక్కడే. ఆరు స్టాంపులూ రెండు రంగుల్లో, రెండుసార్లు యంత్రం కిందికి వెళ్ళాయి. రెండోసారి షీటు తిరగేసి పెట్టడంతో ఒక సెంటు స్టాంపులో పడవ, 2 సెంట్ల స్టాంపులో రైలు తలకిందులయ్యాయి. ఇవి పోస్టాఫీసు కిటికీ నుంచి జనం చేతికి వచ్చిన నిజమైన పొరపాట్లు. ఎలక్ట్రిక్ కారు బొమ్మ ఉన్న 4 సెంట్లది మాత్రం కావాలనే అచ్చు వేయించినది. పోస్టాఫీసుల్లో ఎప్పుడూ అమ్మలేదు, తపాలా శాఖ అధికారుల ద్వారా బయటికొచ్చింది. కొన్నిటి మీద ‘స్పెసిమెన్’ అని ముద్ర కూడా ఉంటుంది. అయినా దానికి పదివేల డాలర్లలోనే ధర పలుకుతుంది. నా మనసుకి మాత్రం నిజంగా పొరపాటున పుట్టిన 2 సెంట్ల రైలుదే విలువ ఎక్కువ. మూడిటిలో అరుదైనది కూడా అదే.

పెద్ద సంగ్రహం ఉన్నవాళ్ళకి తప్ప దీన్ని సూచించను. మామూలు, నిటారుగా ఉన్న 2 సెంట్ల రైలు స్టాంపు కొద్ది డాలర్లకే వస్తుంది. ఆ చెక్కుడు పని, ఆ రెండు రంగులు అందులోనూ ఉన్నాయి.

జెప్పెలిన్: తేలిగ్గా దొరికే ఖరీదు

1930 ఏప్రిల్‌లో ఆకుపచ్చ, గోధుమ, నీలం రంగుల్లో 65 సెంట్లు, 1.30, 2.60 డాలర్ల స్టాంపులు వచ్చాయి. ఒక్కోటీ పది లక్షలు వేశారు. ఆర్థిక మాంద్యం మొదలైంది, సెట్‌కి 4 డాలర్ల 55 సెంట్లు పెట్టేవాళ్ళు దొరక్క తొంభై శాతం పైగా మిగిలిపోయాయి, వాటిని నాశనం చేశారు. కథ వింటే ధర ఆకాశంలో ఉండాలనిపిస్తుంది. 1970ల చివర ద్రవ్యోల్బణం రోజుల్లో నిజంగానే ఉండేది. సెట్ వేల డాలర్లు పలికింది. 1980 తర్వాత బుడగ పగిలింది, మళ్ళీ ఆ ఎత్తుకి రాలేదు. అమ్ముడైనవి సేకర్తల దగ్గర బాగా భద్రంగా ఉన్నాయి కాబట్టి ప్రతి వేలంలోనూ సెట్లు కనిపిస్తాయి. సులువుగా కొనొచ్చు, సులువుగా అమ్మొచ్చు. కానీ ఎదురుచూసి దొరికించుకున్న ఆనందం ఇందులో ఉండదు.

అరుదు అనుకుని మోసపోయేవి

1962లో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శిగా ఉండిన డాగ్ హామర్‌షోల్డ్ స్మారక స్టాంపులో పసుపు రంగు తిరగబడి పడింది. న్యూజెర్సీలో ఒక నగల వ్యాపారికి యాభై స్టాంపుల షీటు దొరికింది. వార్త బయటికి రాగానే పోస్ట్‌మాస్టర్ జనరల్ ఎడ్వర్డ్ డే అదే తప్పుతో నాలుగు కోట్లు అచ్చు వేయించాడు. ఇవాళ ఆ స్టాంపు సెంట్లలోనే దొరుకుతుంది. 1994లో ‘లెజెండ్స్ ఆఫ్ ద వెస్ట్’ షీటులో కౌబాయ్ బిల్ పికెట్ బదులు అతని అన్నదమ్ముడి బొమ్మ పడింది. వెనక్కి తీసుకుని, సేకర్తలు అడిగారని లక్షన్నర షీట్లు లాటరీలో అమ్మారు. తపాలా శాఖ తలుచుకుంటే అరుదుతనాన్ని ఒక్క ఉత్తర్వుతో చెరిపేయగలదు. పందొమ్మిదో శతాబ్దపు స్టాంపులకి ఆ భయం లేదు.

ఎవరికి ఏది

అమెరికాలో ఉంటూ, పిల్లలతో కలిసి ఆల్బమ్ మొదలుపెట్టిన కుటుంబాలకి ఇవేవీ ఇప్పుడే అక్కర్లేదు. 1961 గణతంత్ర దినం నాడు అమెరికా విడుదల చేసిన గాంధీ స్టాంపులు, 4 సెంట్లవీ 8 సెంట్లవీ, చిల్లర ధరకే వస్తాయి. 2016 దీపావళి ఫరెవర్ స్టాంపు (తపాలా రేటు ఎంత పెరిగినా చెల్లేది) ఇంట్లో దాచినవాళ్ళు దాని విలువ పెరిగిందని చెప్తుంటారు. పెరిగింది తపాలా రేటు, అరుదుతనం కాదు. పొరుగువాళ్ళ ఇంట్లోనో ఎస్టేట్ సేల్‌లోనో (చనిపోయినవాళ్ళ ఇంటి సామాను అమ్మకం) దొరికే 1940-70ల వాడని షీట్లు కూడా ఇంతే. 1861 తర్వాతి అమెరికా స్టాంపులు ఇప్పటికీ తపాలాకి చెల్లుతాయి కాబట్టి డీలర్లు వాటిని ముఖవిలువ కన్నా తక్కువకే కొంటారు. అమ్మాలని తిరగడం కన్నా ఉత్తరాల మీద అతికించడం మేలు.

మన దగ్గర, ముఖ్యంగా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో ఉండే సేకర్తలకి నా సలహా ఇంకొంచెం కచ్చితం: జిగురుకి డబ్బు పెట్టకండి. సముద్రపు తేమకి జిగురు మెత్తబడి ఆల్బమ్ పేజీకి అంటుకుంటుంది, కాగితం మీద గోధుమ రంగు మచ్చలు వస్తాయి. నెవర్ హింజ్డ్ అని మూడు రెట్లు పెట్టి కొన్నది రెండు వానాకాలాలకే మామూలు ధరకి దిగిపోవచ్చు. ముద్ర పడిన స్టాంపుకి ఆ టెన్షన్ లేదు. కొరియర్, బీమా, దిగుమతి పన్ను ఎంతవుతాయో వేలానికి ముందే కనుక్కోండి. మూడు వందల డాలర్ల స్టాంపుకి ఆ ఖర్చులు భారమే.

పూర్తి సెట్ కడదామనుకునే పట్టుదల ఉన్నవాళ్ళు కొలంబియన్ వైపే వెళ్ళాలి. చిన్న విలువలు నెలకొకటి కొనుక్కుంటూ, డాలరు విలువలకి విడిగా దాచుకోవచ్చు. ట్రాన్స్-మిసిసిపి తొమ్మిదే కాబట్టి త్వరగా పూర్తవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళ ఆల్బమ్ దొరికి ‘ఇందులో ఏముందో’ అనుకునేవాళ్ళు మొదట ఏ స్టాంపునీ పేజీ నుంచి ఊడదీయకండి, నీళ్ళలో నానబెట్టకండి. ఫొటోలు తీసి రెండు మూడు వేలం సంస్థలకి పంపి అడగండి.

అమెరికాలో పన్ను కట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. స్టాంపులు అక్కడి చట్టంలో సేకరణ వస్తువులు. ఏడాది దాటాక అమ్మిన లాభం మీద కూడా పన్ను 28 శాతం దాకా పడొచ్చు. షేర్ల లెక్క వేరు.

వేలంలోకి దిగేముందు ఒక సాయంత్రం పెట్టి పాత అమ్మకాల రికార్డు చూడండి. సీగెల్ సంస్థ తన పాత ఫలితాలని ఫొటోలతో సహా ఉచితంగా చూడనిస్తుంది. మీకు కావాల్సిన స్టాంపు, అదే గ్రేడు, అదే జిగురు స్థితి ఉన్నవి కొన్ని ఏరుకుని, సుత్తి పడిన ధరలు రాసుకోండి. మీ పరిమితి అన్నీ కలిపి వెయ్యి డాలర్లయితే, 18 శాతం ప్రీమియం తీసేస్తే మీ ఆఖరి బిడ్ 847 దాటకూడదు, పోస్టేజీ కూడా అందులోంచే కావాలంటే 820 దగ్గర ఆపండి.